లారీ దిగినా దిగని బరువు: పాత పీసీలో ఇంటరప్ట్ హ్యాండ్లర్‌పై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు 1990ల మధ్యకాలంది. ఒడిశా సరిహద్దులో, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతంలోని ఒక రైస్ మిల్లు. ధాన్యం ఆంధ్ర వైపు నుంచీ వస్తుంది, ఒడిశా పల్లెల నుంచీ వస్తుంది. మిల్లునూ మనుషులనూ గుర్తుపట్టించే వివరాలన్నీ వదిలేశాను.

గేటు దగ్గర 20 టన్నుల లారీ కాటా ఉంది. దాని ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ కాటా గదిలోని పీసీ ఎక్స్‌టీకి వెళ్తుంది. 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్, 640 కేబీ మెమరీ, హార్డ్ డిస్క్, సీరియల్ పోర్టులో 8250 చిప్. డాస్ మీద నడిచే తూకం ప్రోగ్రామును టర్బో సీ 2.0లో, స్మాల్ మోడల్‌లో (కోడుకు ఒక సెగ్మెంటు, డేటాకూ స్టాక్‌కూ కలిపి ఒక సెగ్మెంటు) రాశారు. రాసిందీ పరీక్షించిందీ 286 ఏటీ మీద. మిల్లులో పెట్టింది మాత్రం అంతకంటే చాలా నెమ్మదైన ఎక్స్‌టీ.

ఇండికేటర్ సెకనుకు దాదాపు పది సార్లు బరువు పంపుతుంది. ఒక్కో ఫ్రేములో తొమ్మిది బైట్లు: మొదట ఫ్రేము మొదలైందని చెప్పే ఎస్‌టీఎక్స్ గుర్తు, తర్వాత ఆరు అంకెలు, బరువు నిలకడగా ఉందో లేదో చెప్పే ఒక అక్షరం, చివర క్యారేజ్ రిటర్న్. బైటు పోయిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ లేదు. వేగం 9600 బాడ్. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు పది బిట్లు కాబట్టి బైటుకు 1.04 మిల్లీసెకన్లు, ఫ్రేముకు 9.4 మిల్లీసెకన్లు పడుతుంది. మిగతా సమయమంతా తీగ ఖాళీగానే ఉంటుంది.

వచ్చిన ఫిర్యాదు

"లారీ దిగిపోయినా కాటా దిగట్లేదండీ" అన్నాడు కాటా గుమస్తా. తెర మీద అంకె ఒకచోట ఆగిపోతుంది. ప్రోగ్రాములోంచి బయటికొచ్చి మళ్లీ నడిపితే కదులుతుంది. ఖాళీ కాటా మీద ఆగితే ఇబ్బంది లేదు. తర్వాతి బండి ఎక్కినా సున్నా చూపిస్తుంది గనుక వెంటనే తెలిసిపోతుంది. బండి కాటా మీద ఉండగా ఆగితేనే ముప్పు. వెనకొచ్చిన ట్రాక్టరుకు కూడా ముందు ట్రాక్టరు బరువుతోనే చీటీ అచ్చవుతుంది. చూడటానికి అది నమ్మదగిన అంకే. తేడా ఎటు పడినా నష్టం ఎవరో ఒకరిది. చీటీ చేతికొచ్చాక అది తప్పని నిరూపించడానికి రైతు దగ్గర ఆధారమేదీ ఉండదు. అందుకే దీన్ని మామూలు హ్యాంగ్‌గా కాక తప్పుడు తూకంగానే లెక్కపెట్టాం.

రెండో ఫిర్యాదు: ప్రింటరులో కాగితం అయిపోయినప్పుడు కొన్నిసార్లు యంత్రం మొత్తం బిగుసుకుపోతుంది. కరెంటు తీసి పెడితే తప్ప లేవదు.

అంతకుముందు చేసినవి

మేం చూసేసరికే మూడు మార్పులు జరిగి ఉన్నాయి. బైటు రాగానే చిప్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం ఇంటరప్ట్, ఆ పిలుపుకు నడిచే చిన్న ఫంక్షన్ హ్యాండ్లర్. ఆ హ్యాండ్లర్ బైట్లు దాచే బఫరును పెద్దది చేశారు. దాంతో ఏమీ మారలేదు. బైటు పోయేది బఫరుకు చేరకముందే, 8250 లోపల. ఆ చిప్పులో వచ్చిన బైటు నిలవడానికి ఒక్కటే చోటు ఉంటుంది. తర్వాతి బైటు పూర్తయ్యేలోగా దాన్ని తీసుకోకపోతే పాతదాని మీద కొత్తది పడుతుంది. దాన్నే ఓవర్‌రన్ అంటారు.

కేబుల్ మార్చారు. అదీ పనిచేయలేదు.

ఇండికేటర్ వేగాన్ని 9600 నుంచి 2400కు దించారు. బైటుకు 4.17 మిల్లీసెకన్ల గడువు దొరుకుతుంది కాబట్టి ఆలోచన సబబే. అయినా ఆగిపోవడం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో కారణం దొరికాక లెక్క వేస్తే తేలింది. ఆ లెక్క కింద ఇస్తాను.

రోగ నిర్ధారణ

అంకె ఆగినప్పుడు ఇంకేవేవి పనిచేస్తున్నాయన్నదే మొదట చూశాం. కీబోర్డు పనిచేస్తోంది, తెర మూలన గడియారం నడుస్తోంది. అంటే ప్రాసెసర్ ఆగలేదు. సీరియల్ ఇంటరప్ట్ ఒక్కటే ఆగింది. అలా ఆగడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, హ్యాండ్లర్ 8259 ఇంటరప్ట్ కంట్రోలర్‌కు పని ముగిసిందన్న ఈఓఐ సంకేతం (పోర్టు హెక్స్ 20కి హెక్స్ 20 రాయడం) ఏదో దారిలో పంపకుండా బయటపడుతుండాలి. రెండు, 8250 నుంచి వచ్చే ఇంటరప్ట్ తీగ ఎత్తిన చెయ్యి దించకుండా ఉండిపోయి ఉండాలి.

మొదటి సీరియల్ పోర్టు కామ్1 ఐఆర్‌క్యూ 4 (8259కు వచ్చే ఇంటరప్ట్ తీగ నంబరు) మీద ఉంటుంది, దాని హ్యాండ్లర్ చిరునామా ఉండే వెక్టర్ హెక్స్ 0సీ. 8259లో చిన్న నంబరుకు ప్రాధాన్యం ఎక్కువ. ఐఆర్‌క్యూ 4కు ఈఓఐ అందకపోతే 4 నుంచి 7 వరకూ అన్నీ ఆగుతాయి. కీబోర్డు ఐఆర్‌క్యూ 1 గనుక అది పనిచేయడం ఏమీ తేల్చదు. ఎక్స్‌టీలో హార్డ్ డిస్క్ ఐఆర్‌క్యూ 5. అంకె ఆగి ఉన్నప్పుడే తప్పుడు చీటీ రికార్డు డిస్కు మీదికి చక్కగా చేరుతోంది. అంటే ఈఓఐ అందుతోందనే అనుకోవచ్చు. మొదటి అనుమానం బలం తగ్గింది.

రెండోదాన్ని పట్టుకోవడానికి మెయిన్ ప్రోగ్రాములో ఎఫ్9 కీకి ఒక చిన్న పని పెట్టాం. నొక్కితే 8250 రిజిస్టర్లున్న పోర్టుల్లో (నంబర్లు హెక్స్‌లో) 3ఎఫ్ఏ, తర్వాత 3ఎఫ్‌డీ, ఆఖరున వచ్చిన బైటు ఉండే 3ఎఫ్8 చదివి విలువలు చూపిస్తుంది. ఈ వరుస తప్పకూడదు. 3ఎఫ్‌డీ లైన్ స్టేటస్ రిజిస్టర్. దాన్ని చదివితే అందులోని తప్పు గుర్తులు చెరిగిపోతాయి. కాబట్టి ఇంటరప్ట్ ఎందుకొచ్చిందో చెప్పే 3ఎఫ్ఏను దానికంటే ముందే చదవాలి. అంకె ఆగినప్పుడు నొక్కితే 3ఎఫ్ఏలో 6, 3ఎఫ్‌డీలో హెక్స్ 63 వచ్చాయి. 6 అంటే లైన్ స్టేటస్ ఇంటరప్ట్ ఇంకా తీరలేదని అర్థం. 63లో 1వ బిట్ ఓవర్‌రన్‌ను చూపిస్తుంది. మూడు రిజిస్టర్లూ చదివిన మరుక్షణం బరువు కదిలింది.

ఇక హ్యాండ్లర్ చూస్తే అంతా తేటపడింది. ఇంటరప్ట్ ఎనేబుల్ రిజిస్టర్‌లో 13 రాసి ఉంది. అంటే బైటు రాక, లైన్ తప్పులు, మోడెమ్ తీగల మార్పు, ఈ మూడింటికీ ఇంటరప్ట్ అడిగారు. హ్యాండ్లర్ మాత్రం ఎందుకు పిలిచారో చూడకుండా 3ఎఫ్8 నుంచి ఒక బైటు చదివి, ఈఓఐ ఇచ్చి వెళ్లిపోతుంది. లైన్ తప్పు వచ్చినప్పుడు 3ఎఫ్‌డీ చదివితే తప్ప ఆ తీగ దిగదు. పీసీలో 8259ను అంచు పద్ధతిలో అమర్చారు. తీగ కింది నుంచి పైకి లేచిన క్షణాన్నే అది గుర్తిస్తుంది. కాలింగ్ బెల్ మీద వేలు తీయకుండా నొక్కి ఉంచితే రెండో మోత రానట్టే, దిగని తీగ నుంచి రెండో ఇంటరప్ట్ రాదు. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు రిజిస్టర్లు ఒకసారి చదివి శుభ్రం చేసే వరుస ఉంది గనుకే తిరిగి నడిపినప్పుడు బాగయ్యేది.

మొదటి సవరణ, దాంతో బయటపడిన పెద్ద తప్పు

హ్యాండ్లర్‌ను లూప్‌గా మార్చాం. 3ఎఫ్ఏ చదవాలి. 0వ బిట్ 1 అయితే ఇంక పనేమీ లేదు, లూప్ ఆపాలి. విలువ 6 అయితే 3ఎఫ్‌డీ చదవాలి. 4 అయితే 3ఎఫ్8 నుంచి బైటు తీసుకోవాలి. 0 అయితే మోడెమ్ తీగల స్థితి ఉండే 3ఎఫ్ఈ చదవాలి. 2 అయితే 3ఎఫ్ఏ చదవడమే సరిపోతుంది. తీరని కారణం ఒక్కటీ మిగలలేదని తేలాకే ఈఓఐ. మోడెమ్ తీగలతో ఇక్కడ పనే లేదు కాబట్టి ఎనేబుల్ రిజిస్టర్‌లో 13 బదులు 5 పెట్టాం.

అంకె ఆగిపోవడం ఆగింది. కానీ కొన్నిసార్లు 12,480 కిలోల లారీ ఒక్క క్షణం 1,480గా మెరిసింది. కారణం ఊహకందేదే. ఇంతకాలం ఓవర్‌రన్ వస్తే ప్రోగ్రాము బరువు వినడమే మానేసేది. ఇప్పుడు వింటోంది, మధ్యలో ఒక అంకె జారిపోతోంది. ఫ్రేములోంచి బరువు విడదీసే పాత పార్సర్ ఎస్‌టీఎక్స్ నుంచి క్యారేజ్ రిటర్న్ దాకా వచ్చినదంతా పోగేసి, అక్షరాలను సంఖ్యగా మార్చే ఏటోల్‌కు ఇస్తుంది. 01480 అని వచ్చినా అభ్యంతరం చెప్పదు. ఇక్కడ 2400 వేగం మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. 9600లో ఒక్కసారి నాలుగైదు బైట్లు పోయి అంకె 1 అనో 12 అనో వచ్చేది, చూడగానే అనుమానం కలిగేది. 2400లో ఒక్క బైటే పోతుంది. వచ్చే తప్పు ఏ చిన్న బండి బరువులాగో కనిపిస్తుంది.

కాబట్టి ఓవర్‌రన్ మూలం దొరికేదాకా ఆగకుండా ముందు పార్సర్‌నే కట్టుదిట్టం చేశాం. ఫ్రేము సరిగ్గా తొమ్మిది బైట్లే ఉండాలి. ఆరు స్థానాల్లోనూ అంకెలే ఉండాలి. నిలకడ అక్షరంతో వరుసగా మూడు ఫ్రేములు ఒకే బరువు చెప్తేనే చీటీకి అనుమతి. ఓవర్‌రన్ చూసిన హ్యాండ్లర్ బఫరులో ఒక సున్నా బైటు (0 అన్న అంకె అక్షరం కాదు, విలువే సున్నా అయిన బైటు) వేస్తుంది. ఏ ఫ్రేములోనూ సున్నా బైటు ఉండదు కనుక ఆ ఫ్రేము దానంతటదే చెల్లకుండా పోతుంది.

ఓవర్‌రన్ ఎక్కడిది

హ్యాండ్లర్‌లో ఓవర్‌రన్ లెక్క ఒకటి పెట్టి తెర మూలన చూపించాం. ఆ లెక్క ఎప్పుడు పెరిగినా గడియారంలో నిమిషం మారేటప్పుడే పెరుగుతోంది. గడియారం టైమర్ వెక్టర్ 1సీ మీద తగిలించి ఉంది. నిమిషానికి ఒకసారి ఎస్‌ప్రింట్ఎఫ్‌తో సమయం తయారుచేసి, ఒక్కో అక్షరాన్నీ బయోస్ ద్వారా తెర మీద రాస్తుంది. అదే ఫంక్షన్‌ను మెయిన్ నుంచి వెయ్యి సార్లు పిలిచి బయోస్ టిక్కులు లెక్కపెడితే దాదాపు 110 వచ్చాయి. టిక్కు 54.9 మిల్లీసెకన్లు కాబట్టి ఒక్క పిలుపుకు సుమారు 6 మిల్లీసెకన్లు. 286 మీద ఇది ఇబ్బంది పెట్టకపోవడం సహజమే.

6 మిల్లీసెకన్ల పని సీరియల్ ఇంటరప్ట్‌ను ఎలా ఆపగలదన్నది అసలు ప్రశ్న. టైమర్ ఐఆర్‌క్యూ 0. దాని వెక్టర్ 8 మీద బయోస్ హ్యాండ్లర్ నడుస్తుంది. అది ముందు 1సీని పిలిచి, అది తిరిగొచ్చాకే 8259కు ఈఓఐ పంపుతుంది. ఆ లోపు 8259 దృష్టిలో ఐఆర్‌క్యూ 0 పని ఇంకా సాగుతూనే ఉంది. దానికంటే ప్రాధాన్యం తక్కువైన ఐఆర్‌క్యూ 4 బయటే నిలబడాలి.

ఇప్పుడు 2400 లెక్క. ఫ్రేము మధ్యలో 6 మిల్లీసెకన్ల అడ్డు పడినప్పుడు, వరుసగా రెండు బైట్లు ఆ అడ్డులోనే పూర్తయితే ఓవర్‌రన్. 9600లో ఫ్రేము చిన్నది, కానీ అడ్డులో చాలా బైట్లు పడతాయి. ప్రతి 100 మిల్లీసెకన్లలో సుమారు 12 మిల్లీసెకన్లు ప్రమాదకరం. 2400లో ఫ్రేము 37.5 మిల్లీసెకన్లు సాగుతుంది. పక్కపక్క బైట్ల జతలు ఎనిమిది, ఒక్కో జతకు 6 నుంచి 4.17 తీసేస్తే 1.83 మిల్లీసెకన్ల ప్రమాదం, మొత్తం సుమారు 15. వేగం తగ్గించి ఒరిగిందేమీ లేదు. 1200కు దించితే బైటుకు 8.33 మిల్లీసెకన్లు దొరికి తప్పు కనబడకుండా పోయేది. కనబడకుండా పోవడం వేరు, తీరిపోవడం వేరు కాబట్టి ఆ దారి తీసుకోలేదు.

1సీ ఫంక్షన్ మొదట్లో ఎనేబుల్ పిలుపు పెట్టి చూశాం, ఫలితం లేదు. అది ప్రాసెసర్ ఇంటరప్ట్ జెండాను మాత్రమే ఎత్తుతుంది. అడ్డు ఉన్నది ప్రాసెసర్‌లో కాదు, 8259లో. 1సీ లోపలే ముందుగా ఈఓఐ పంపవచ్చు కదా అన్న మాట కూడా వచ్చింది. పంపితే తర్వాత బయోస్ ఎలాగూ మరొకటి పంపుతుంది. ఆ రెండో ఈఓఐ అప్పటికి సాగుతున్న ఇంకో పరికరం ఇంటరప్ట్‌ను మధ్యలో ముగిసినట్టు చేస్తుంది. ఒక తప్పును దిద్దబోయి డిస్కు రాతల దగ్గర ఇంకో తప్పును నాటినట్టవుతుంది. అందుకని 1సీ హుక్‌ను పూర్తిగా తీసేసి, గడియారం గీయడాన్ని మెయిన్ లూప్‌లోకి తెచ్చాం. ఓవర్‌రన్ లెక్క పెరగడం మానింది. వేగాన్ని 2400 దగ్గరే ఉంచాం. సెకనుకు పది బరువులకు అది చాలు, గడువు నాలుగింతలు.

హ్యాండ్లర్‌లోంచి తీసేసినవి

పాత హ్యాండ్లర్ ఫ్రేము చివర బరువును అంకెగా మార్చి, సీప్రింట్ఎఫ్‌తో తెర మీద రాసేది. సీప్రింట్ఎఫ్ నేరుగా వీడియో మెమరీలోకి రాస్తుంది, డాస్‌ను తాకదు, కాబట్టి ప్రమాదం లేదని రాసినవారి వాదన. డాస్ విషయంలో అది నిజమే. ప్రింట్ఎఫ్ అయితే, మెయిన్ ప్రోగ్రాము ఫైలు రాస్తున్న క్షణంలో ఇంటరప్ట్ వచ్చి డాస్‌లోకి రెండోసారి దూరుతుంది. డాస్ దాన్ని తట్టుకోదు. కానీ సీప్రింట్ఎఫ్‌కు కర్సర్ స్థానం ఒక్కటే. మెయిన్ రైతు పేరు రాస్తుండగా హ్యాండ్లర్ కర్సర్‌ను జరిపితే పేరులో సగం బరువు గడిలో పడుతుంది. పైగా ఆ రాత అంతా ఫ్రేముల మధ్య ఖాళీ సమయంలో పడుతోంది కాబట్టే ఇన్నాళ్లూ నెగ్గుకొచ్చింది. ఇండికేటర్ విరామం లేకుండా పంపే రకమైతే మొదటి రోజే బైట్లు పోయేవి.

పార్సింగ్‌ను హ్యాండ్లర్‌లో ఉంచకపోవడానికి ఇంకో గట్టి కారణం ఉంది. టర్బో సీలో ఇంటరప్ట్ అని ప్రకటించిన ఫంక్షన్ రిజిస్టర్లను దాచి, డేటా సెగ్మెంటు రిజిస్టర్ డీఎస్‌ను మన డేటా సెగ్మెంటుకు మారుస్తుంది. స్టాక్‌ను మాత్రం మార్చదు. డాస్ నడుస్తుండగా ఇంటరప్ట్ వస్తే మన ఫంక్షన్ డాస్ స్టాక్ మీదే నడుస్తుంది. స్మాల్ మోడల్‌లో లోకల్ అరే చిరునామాను ఇంకో ఫంక్షన్‌కు ఇస్తే అది డీఎస్ ప్రకారం వెతుకుతుంది, అరే ఉన్నది స్టాక్ సెగ్మెంటు ఎస్ఎస్‌లో. చదివేది చెత్త, రాసేది ఎవరి మెమరీనో. స్టాక్ ఓవర్‌ఫ్లో పరీక్ష ఆప్షన్ ఆన్ చేసి ఉంటే అదీ ఇక్కడ తప్పుడు లెక్క వేసి ప్రోగ్రామును ఆపేస్తుంది. హ్యాండ్లర్ ఉన్న ఫైలును ఆ ఆప్షన్ లేకుండానే కంపైల్ చేయాలి. ఫ్లోటింగ్ పాయింటు లెక్కలూ అక్కడ చేయకూడదు. లెక్కల చిప్ 8087 స్థితినీ, అది లేనప్పుడు దాని పని చేసే ఎమ్యులేటర్ స్థితినీ ఎవరూ దాచిపెట్టరు.

మిగిలిన హ్యాండ్లర్ చేసేదల్లా బైటు తీసి 256 బైట్ల రింగ్ బఫరులో వేయడమే. సూచికలు రెండూ అన్‌సైన్డ్ క్యారెక్టర్లు. 255 తర్వాత వాటంతటవే సున్నాకు వస్తాయి. ఒక సూచికను హ్యాండ్లర్ మాత్రమే, రెండోదాన్ని మెయిన్ మాత్రమే మారుస్తుంది. కాబట్టి తాళం అక్కర్లేదు. రెండింటికీ వోలటైల్ (విలువ మధ్యలో మారవచ్చని కంపైలర్‌కు చెప్పే మాట) అని రాయడం మాత్రం తప్పనిసరి.

బరువుకు వయసు

అంకె ఆగడానికి రేపు ఇంకో కారణం రావచ్చు. కేబుల్ ఊడవచ్చు, ఇండికేటర్ ఆగిపోవచ్చు. అందుకని చెల్లిన ప్రతి ఫ్రేముకూ టిక్కు సమయం రాసిపెట్టి, 18 టిక్కులు, అంటే సుమారు ఒక సెకను, కొత్తది రాకపోతే తెర మీద గీతలు చూపించి చీటీ కీని ఆపేశాం. ఈ కేసులో అన్నిటికంటే విలువైన మార్పు ఇదేనని నా అభిప్రాయం. హ్యాండ్లర్ ఎంత బాగా రాసినా, పాత అంకెను కొత్తదిలా చూపించే తెర మోసం చేస్తూనే ఉంటుంది.

ఇందులో రెండు సూక్ష్మాలున్నాయి. బయోస్ టిక్కుల లెక్క 32 బిట్లది, 8088 దాన్ని రెండు విడతలుగా చదువుతుంది. మధ్యలో టైమర్ ఇంటరప్ట్ వచ్చి కింది 16 బిట్లు సున్నాకు తిరిగితే లెక్క 65,536 టిక్కులు, అంటే దాదాపు గంట, తప్పుతుంది. అందుకే కింది 16 బిట్లే తీసుకుని అన్‌సైన్డ్ తీసివేత చేశాం. అర్ధరాత్రి బయోస్ లెక్క సున్నా అయినప్పుడు ఒక్క క్షణం గీతలు కనిపిస్తాయి, తర్వాతి ఫ్రేముతో సర్దుకుంటుంది. రెండోది, గంట పాటు ఏ ఫ్రేమూ రాకపోతే 16 బిట్ల తేడా మళ్లీ చిన్న అంకె అవుతుంది, పాత బరువు ఒక సెకను పాటు తాజాగా కనిపిస్తుంది. కాబట్టి ఒకసారి పాతబడిందన్న గుర్తు పెట్టాక దాన్ని కొత్త ఫ్రేము మాత్రమే తీయాలి, కాలం తీయకూడదు.

కాగితం అయిపోతే బిగుసుకోవడం

ప్రింటరులో కాగితం లేకపోతే డాస్ అబార్ట్, రిట్రై అని అడుగుతుంది. గుమస్తా అబార్ట్ కోసం 'A' కీ కొడతాడు. డాస్ ప్రోగ్రామును అక్కడికక్కడే తీసేస్తుంది, ప్రోగ్రాము ముగిసేటప్పుడు నడవాలని ఎట్‌ఎగ్జిట్‌లో పెట్టిన సర్దుబాటు నడవదు. వెక్టర్ 0సీ మాత్రం ఖాళీ అయిన మెమరీ వైపే చూపిస్తూ ఉంటుంది. ఇండికేటర్ నుంచి తర్వాతి బైటు రాగానే ప్రాసెసర్ అక్కడికి దూకుతుంది. మెమరీలోని పాత కోడు మీద ఇంకేదీ పడనంతవరకూ నడిచిపోతుంది కూడా. "కొన్నిసార్లు" అన్న ఫిర్యాదుకు కారణం అదే.

చీటీకి ముందు బయోస్‌ప్రింట్‌తో ప్రింటర్ స్థితి అడిగి, హెక్స్ 90 వస్తేనే అచ్చు మొదలుపెట్టేలా చేశాం. అయినా తప్పు వస్తే హార్డ్ఎర్ ఫంక్షన్ ద్వారా ఫెయిల్ అని జవాబివ్వడం, కంట్రోల్ బ్రేక్‌కు సీటీఆర్ఎల్‌బ్రేక్ ద్వారా సున్నా కాని విలువ ఇచ్చి కొనసాగించడం. ప్రోగ్రాము బయటికి వెళ్లే దారి ఒక్కటే మిగిలింది.

అమర్చే వరుస, తీసే వరుస

ఇలాంటి పని చేసేవారికి ఎక్కువ సమయం తినేది ఇదే. ముందు గెట్‌వెక్ట్‌తో పాత వెక్టర్ దాచి, సెట్‌వెక్ట్‌తో మనది పెట్టాలి. తర్వాత 3ఎఫ్‌బీలో హెక్స్ 83, 3ఎఫ్8లో 48, 3ఎఫ్9లో 0, మళ్లీ 3ఎఫ్‌బీలో 3. దీంతో 2400 బాడ్, ఎనిమిది బిట్లు వస్తాయి. 48 అంటే 115200ను 2400తో భాగిస్తే వచ్చేది. తర్వాత 3ఎఫ్‌డీ, 3ఎఫ్8, 3ఎఫ్ఏ, 3ఎఫ్ఈ ఒక్కోసారి చదివి పాతవి తుడవాలి. 3ఎఫ్‌సీలో హెక్స్ 0బీ. ఇందులో 3వ బిట్ అవుట్2. అది పెట్టకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా పీసీలో ఇంటరప్ట్ తీగ 8259 దాకా చేరదు. దీన్ని మరచి చిప్పులు మార్చినవారిని చూశాం. ఆపై ఎనేబుల్ రిజిస్టర్ 3ఎఫ్9లో 5. చివరగా 8259లో ఏ ఐఆర్‌క్యూను ఆపాలో చెప్పే పోర్టు హెక్స్ 21 చదివి, 4వ బిట్ తీసేసి తిరిగి రాయాలి. మిగతా బిట్లను ముట్టకూడదు. తీసేటప్పుడు సరిగ్గా ఎదురు వరుస, వెక్టర్ తిరిగి పెట్టడం అన్నిటికంటే చివర.

ఇదే పని 16550ఏ చిప్ ఉన్న కార్డుతో చేసేవారికి ఒక జాగ్రత్త. దాని ఫైఫోలో (వచ్చిన బైట్లు వరుసగా నిలిచే చోటు) 16 బైట్లు పడతాయి కాబట్టి 6 మిల్లీసెకన్ల అడ్డు దాన్ని ఏమీ చేయదు. కానీ ఎన్ని బైట్లు చేరాక ఇంటరప్ట్ రావాలో చెప్పే ట్రిగ్గర్‌ను 14 దగ్గర పెట్టి తొమ్మిది బైట్ల ఫ్రేము పంపిస్తే, ఆ ఫ్రేముకు ట్రిగ్గర్ ఇంటరప్ట్ రాదు. నాలుగు బైట్ల కాలం నిశ్శబ్దం తర్వాత వచ్చే టైమౌట్ ఇంటరప్టే దిక్కు. 3ఎఫ్ఏ కింది నాలుగు బిట్లలో దాని విలువ 12. హ్యాండ్లర్ కింది మూడు బిట్లే చూస్తే అది 4గా కనిపించి, బైటు చదవడం జరుగుతుంది, పని నడుస్తుంది. నాలుగు బిట్లు చూస్తూ 12కు చోటు పెట్టకపోతే ఆ కారణం ఎప్పటికీ తీరదు. లూప్ కూడా ముగియదు కాబట్టి ఈసారి అంకెతో పాటు యంత్రమంతా ఆగిపోతుంది.